తొమ్మిదో మెట్టు మీద నిద్ర

మిషను మంజూరైందన్న కబురు వచ్చినప్పుడు నేను పెసరట్ల పిండిలో ఉప్పు రెండోసారి వేస్తున్నాను. ఫోన్లో మా ఆయన గొంతు వినగానే ఆ సంబరంలో మూడోసారి కూడా వేశాను.

"కుసుమా, ఉత్తర్వు వచ్చేసింది! నా చేతిలోనే ఉంది. సంతకం, ముద్ర, అన్నీ ఉన్నాయి. భీమశంకరం గారు కుర్చీలోంచి లేచి మరీ ఇచ్చారు."

"మరి మిషనండీ?"

"రేపు రమ్మన్నారు. నిన్ను కూడా తీసుకురమ్మన్నారు, సాక్షి సంతకానికి."

సాయంత్రం ఆ పెసరట్లే తిన్నాం. పెళ్ళయి అప్పటికి అరవై మూడు రోజులు. నోట పెట్టలేనంత ఉప్పగా ఉన్న పెసరట్టును ఒక మనిషి "అల్లం బాగా పడింది" అంటూ తినడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. రెండు పూర్తి చేశారు. మూడోదాని మధ్యలో, ముక్క చేతిలో ఉండగానే నిద్రపోయారు. మంజూరైన మిషను దానికోసమే.

మా ఆయన పేరు త్రిమూర్తులు. కాకినాడలో వెదురు నిచ్చెనల నాణ్యతా మండలిలో నిచ్చెన పరీక్షకుడు. జిల్లాలో ఎవరు నిచ్చెన కట్టి అమ్మాలన్నా ముందు మా ఆయన దాన్ని ఎక్కాలి. పన్నెండు మెట్లూ ఎక్కి, పై మెట్టు మీద నిలబడి, "బాగుంది" అని కేక వేయాలి. ఆ కేక కింద ఉన్న సూపరింటెండెంటు భీమశంకరం గారి చెవిన పడితే నిచ్చెనకు ముద్ర పడుతుంది. పెళ్ళిచూపుల్లో ఈ ఉద్యోగం సంగతి విన్నప్పుడు ఇంత నికరమైన పని ఇంకొకటి ఉండదనిపించింది. ఎక్కడం, బాగుందనడం, దిగడం.

పెళ్ళయిన వారానికి మా ఇంటి ఓనరు సూరమ్మగారు పొద్దున్నే మేడెక్కి వచ్చారు.

"ఏమ్మా, రాత్రంతా మోటారు ఆపలేదేంటి? ట్యాంకు నిండి పొర్లిపోయుంటది గదా."

"మోటారు కాదండీ. మావారండీ."

ఆవిడ మా గదివైపు తొంగిచూశారు. "మరి మజ్జమజ్జలో ఆగిపోయి మళ్ళీ వచ్చిందేంటే, కరెంటు పోయినట్టు?"

ఆ ఆగడమే నా బెంగ. గురక ఉన్నట్టుండి ఆగేది. ఛాతీ లేస్తూనే ఉండేది, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి మాత్రం తగిలేది కాదు. నేను లెక్కపెట్టేదాన్ని. పది, ఇరవై, ముప్పై ఒకటి. అక్కడికి తల ఒక్క ఎగురు ఎగిరి, చెరువులో మునిగినవాడు పైకి తేలినట్టు గుప్పున గాలి లాక్కుని, మళ్ళీ గురక మొదలుపెట్టేవారు. పొద్దున లేచి, "నాకు హాయిగా పట్టేసింది. నీకు కొత్త చోటు కదా, నిద్ర పడుతోందా?" అని ఎంతో ప్రేమగా అడిగేవారు. బి.యస్సీలో నాకు లెక్కలంటే ఇష్టం. అయినా పెళ్ళయ్యాక ఇన్ని లెక్కపెట్టాల్సి వస్తుందనుకోలేదు.

ఆ తరవాత ఒక బుధవారం, ఏలేశ్వరం నుంచి వచ్చిన నిచ్చెన ఎక్కుతూ మా ఆయన తొమ్మిదో మెట్టు దగ్గర నిద్రపోయారు. అదృష్టవశాత్తూ పడలేదు. చేతులు రెండూ మెట్ల మధ్య మెలివేసుకుని, చెంప వెదురుకు ఆనించి, అరగంట. లేపితే పడిపోతారేమోనని అటెండరు పోలయ్య అరగంటసేపూ నిచ్చెన కౌగలించుకుని నిలబడ్డాడట. నిద్రపోయిన మనిషిని కూడా మోసిన నిచ్చెన కాబట్టి మండలి దానికి ఉత్తమశ్రేణి ముద్ర వేసింది. మా ఆయనకు మెమో ఇచ్చింది: "విధి నిర్వహణలో తొమ్మిదవ మెట్టుపై నిద్రించినందున తమపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలసినది."

ప్రొబేషను ఇంకా నాలుగు నెలలుంది. రెండో మెమో వస్తే ఇంటికి పంపేస్తారు. నిద్ర పన్నెండో మెట్టు మీద వస్తే ఇంటికి కూడా పంపనక్కర్లేదు.

డాక్టరు నఫీసాగారి దగ్గరకు నేనే లాక్కెళ్ళాను. వేలికి క్లిప్పు, ముక్కు కింద సన్నని గొట్టం, ఛాతీకి పట్టీ పెట్టి ఒక రాత్రి నిద్రను పరీక్ష చేశారు. కాగితం చూసి, "గంటకి నలభై రెండు సార్లు" అన్నారు.

"ఏమిటండీ?"

"ఊపిరి ఆగడమో, సగంలో తెగడమో. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారమ్మా. నిద్రలో గొంతు కండరాలు అందరికీ వదులవుతాయి. ఈయనకి దవడ కొంచెం వెనక్కి ఉంది, దారి అసలే ఇరుకు, దాంతో పూర్తిగా మూసుకుపోతోంది. ఒంట్లో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు మెదడు భయపడి ఒక్క కుదుపు కుదుపుతుంది. ఊపిరి వస్తుంది. లేచిన సంగతి ఈయనకి గుర్తుండదు. గంటకి నలభై రెండు సార్లు ఎవరో కుదిపి లేపుతుంటే ఎవరికైనా పగలు నిద్ర రాక ఏమొస్తుంది?"

"అయితే బద్ధకం కాదాండీ?" అన్నారు మా ఆయన మెల్లగా. బళ్ళో బెంచీ ఎక్కిన రోజులన్నీ ఆ ప్రశ్నలో ఉన్నాయి.

"బద్ధకస్తులు ఇంత కష్టపడి ఊపిరి తీసుకోరండీ" అన్నారు డాక్టరుగారు. ఆవిడంటే నాకు అప్పటికప్పుడు ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను.

దీనికి మాత్ర లేదట. సీపాప్ అని ఒక చిన్న మిషను ఉంటుందట. ముక్కుకు మాస్కు, దానికి గొట్టం. అది గాలిని కొద్ది వత్తిడితో పంపుతూ గొంతు దారి మూసుకోకుండా చూస్తుంది. పక్కకు తిరిగి పడుకోవడం, బరువు పెరగకుండా చూసుకోవడం మంచివే గానీ, ఈ నలభై రెండుకు అవి చాలవు. "రోజూ రాత్రి, నిద్రపోయినంతసేపూ పెట్టుకోవాలి. వదిలేస్తే రేపు బీపీ, ఎల్లుండి గుండె. మిషను వచ్చి, పగటి నిద్ర తగ్గేదాకా బండి నడపొద్దు, నిచ్చెన అసలే ఎక్కొద్దు" అని చీటీ రాసిచ్చారు.

మండలి ఆ చీటీని రెండు రోజులు పరిశీలించి, "నిచ్చెన ఎక్కని నిచ్చెన పరీక్షకుడు" అనే పోస్టు లేదని తిప్పి పంపింది. మిషనుకు మాత్రం దరఖాస్తు పెట్టుకోమంది. అప్పటినుంచి పోలయ్యే, ఎవరూ చెప్పకుండా, మా ఆయన నడుముకు తాడు కట్టి, రెండో కొస పై దూలం మీదుగా వేసి కింద పట్టుకుంటున్నాడు. అందుకని మంజూరు కబురుకు పిండిలో మూడుసార్లు ఉప్పు పడిందంటే తప్పు నాది కాదు.

మర్నాడు పసుపు రంగు కొత్త చీర కట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. భీమశంకరం గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

"ముందుగా నూతన దంపతులకు మండలి తరఫున శుభాభినందనలు. యంత్రము అదిగో."

అద్దాల బీరువాలో, ఏ బహుమతి కప్పో పెట్టినట్టు, తెల్లగా, ముద్దుగా ఉంది. అప్పటికే తాళం వేసి ఉంది.

"ఇక తీసుకెళ్ళమంటారాండీ?" అన్నాను, సంచీ విప్పుతూ.

"తీసుకెళ్ళుట అనునది వీలుపడదమ్మా. యంత్రము మండలి ఆస్తి. మండలి ఆస్తి మండలి ఆవరణ దాటరాదు. ఇది మొన్నటి సమావేశంలో డైరెక్టరు గారు ఆమోదించిన పదకొండవ అంశం. ఒక నిచ్చెన పోయిన దరిమిలా ఈ నిబంధన అవసరమైనది."

"నిచ్చెన ఎలా పోయిందండీ?"

"గోడకు ఆనించి ఉండగా ఎవరో దానిపైనే ఎక్కి గోడ దాటి, అవతలి నుంచి లాక్కొనిపోయినారు."

"మరి మావారు నిద్రపోయేది ఇంట్లో కదండీ."

"అది వారి వ్యక్తిగత విషయం. మండలికి సంబంధించినంతవరకు యంత్రము ఇచ్చట ఉన్నది, నిద్ర అచ్చట ఉన్నది. యంత్రము కదలరాదు. కావున నిద్రయే ఇచ్చటికి రావలెను."

"ఆఫీసులో నిద్రపోతే మెమో ఇచ్చారు కదండీ!"

"సమస్య అచ్చటనే ఉత్పన్నమైనది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ముఖంలో సృష్టికర్త ఆనందం కనిపించింది. "పరిష్కరించినాము."

బల్ల సొరుగులోంచి ఇంకో ఉత్తర్వు తీసి చదివారు. శ్రీ త్రిమూర్తులు కార్యాలయ వేళలలో నిద్రించుటను ఇందుమూలముగా విధి నిర్వహణగా పరిగణించడమైనది. సదరు ఉద్యోగి పదిన్నరకు వేలిముద్ర వేసి నిద్రకు ఉపక్రమించవలెను. ఒంటిగంటకు భోజనానికి మేల్కొని, రెండు గంటలకు తిరిగి నిద్రకు హాజరు కావలెను. ఆ వేళలలో మెలకువగా ఉండుట క్రమశిక్షణా రాహిత్యమగును. మరియు, నిద్రించు ఉద్యోగి తన నిద్రను గూర్చి ఇచ్చు వాంగ్మూలం చెల్లదు గనుక, అతని నిద్రతో పూర్వపరిచయమున్న కుటుంబ సభ్యులొకరు సాక్షిగా కూర్చుండవలెను.

"అంటే నేనాండీ?"

"పూర్వపరిచయం మరెవరికి ఉండునమ్మా?"

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే వేసింది. కొత్తగా పెళ్ళయిన ఏ అమ్మాయికి పగలంతా భర్త పక్కన కూర్చోమని ప్రభుత్వ ఉత్తర్వు దొరుకుతుంది? క్యారియరులో వంకాయ కారం, పెరుగన్నం సర్దుకుని, రోజూ ఆయనతోపాటే బస్సెక్కి ఆఫీసుకు వెళ్ళేదాన్ని. రికార్డుల గదిలో నాలుగు బల్లలు జతచేసి, పాత ఫైళ్ళ మీద దుప్పటి పరిచి పక్క వేశారు. మాస్కు కట్టుకుని మిషను పెట్టుకోగానే "ఉస్స్" అని సన్నటి చప్పుడు. గురక లేదు. ఛాతీ నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగుతోంది. నేను అలవాటుగా లెక్కపెట్టడం మొదలుపెట్టి, లెక్కపెట్టడానికి ఏమీ లేక ఆపేశాను. ఇరవై ఐదు నిమిషాలు, ఊపిరి ఒక్కసారీ తెగలేదు. నా కళ్ళు చెమర్చాయి.

ముప్పయ్యో నిమిషానికి తలుపు తెరుచుకుంది.

"త్రిమూర్తులూ, నిద్రలో ఉన్నావా?" భీమశంకరం గారు రిజిస్టరుతో నిలబడ్డారు.

మా ఆయన ఉలిక్కిపడి లేచారు. "ఉన్నానండి."

"ఇచ్చట సంతకం పెట్టుము."

అరగంటకోసారి తనిఖీ అని ఉత్తర్వు వెనక పేజీలో ఉందట. రెండో రోజు మా ఆయన లేవలేదు. జవాబు ఇవ్వనందున గైర్హాజరు వేశారు. మూడో రోజు అన్ని గళ్ళలోనూ "నిద్రలో ఉన్నాను" అని పొద్దున్నే సంతకాలు పెట్టేస్తే, జరగని నిద్రను ముందుగా ధ్రువీకరించడం నేరమన్నారు. బయట ఎండలో ఏలేశ్వరం నుంచి, ఏజెన్సీ నుంచి వచ్చిన నిచ్చెనలవాళ్ళు తమ నిచ్చెనల నీడలోనే కూర్చుని ఎదురుచూస్తున్నారు. పరీక్షకుడు ఎక్కడని అడిగితే, "డ్యూటీలో ఉన్నారు, లేపకూడదు" అని జవాబు.

టీలు తెచ్చిన పోలయ్య తలుపు దగ్గర తల గోక్కున్నాడు. "ఒకటడుగుతానండి అమ్మగోరూ. పనిచేత్తా నిద్దరోతే మెమో ఇచ్చారు. నిద్దరే పనంటున్నారు. మరి లేపినోళ్ళకేటివ్వాలండి?"

పది రోజుల తరవాత మిషనులో నిద్ర లెక్కలు ఎక్కే కార్డు పట్టుకెళ్తే (కార్డును ఆవరణ దాటించడానికే రెండు సంతకాలయ్యాయి) నఫీసాగారు కంప్యూటరులో చూసి బిత్తరపోయారు.

"ఇదేంటి, పగలు ముక్కలు ముక్కలుగా ఉంది! ప్రతి ముక్కా ఇరవై ఐదు నిమిషాలు. రాత్రి సున్నా."

చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ఎర్రసిరాతో రాసిచ్చారు: ఈ మిషను రాత్రిపూట, ఇంట్లో, మంచం మీద, ఎవరూ లేపకుండా వాడవలెను. "రాత్రి నిద్ర చెడిపోయి ఉంది, పగటి నిద్ర తెంపేస్తున్నారు. మీవారు ముందుకంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నారమ్మా" అన్నారు. ఆ మాటతో నా పసుపు చీర సంబరం దిగిపోయింది.

ఆ చీటీ నెలవారీ సమావేశంలో ఏడో అంశమైంది. సాక్షిని కాబట్టి నన్నూ పిలిచారు. గోడ మీద పెద్ద జ్ఞాపిక: "అంశముల సత్వర పరిష్కారమున ప్రథమ స్థానము." కిందటి సమావేశంలో రెండు గంటల్లో డెబ్బై ఆరు అంశాలు ఆమోదం పొందాయని భీమశంకరం గారు గర్వంగా చెప్పారు.

డైరెక్టరు చక్రధరరావు గారు భారీ మనిషి. మెడ పొట్టి, ముఖం పసిపిల్లవాడిది. కూర్చోగానే కళ్ళు మూసుకున్నారు. ఆలోచనలో పడ్డారు కాబోలనుకున్నాను. అంతలో గురక మొదలైంది. ఎవరూ తలెత్తలేదు. భీమశంకరం గారు చేతి గడియారం బల్ల మీద పెట్టుకుని చదవసాగారు.

"మొదటి అంశము. నిచ్చెనల ముద్రలో సిరా రంగు మార్పు."

గురక ఆగింది. గదంతా పెన్నులు పట్టుకుని ఎదురుచూసింది. డైరెక్టరు గారి తల ఒక్క ఎగురు ఎగిరి కిందికి దిగింది. గుప్పున గాలి లాక్కున్నారు.

"ఆమోదించినారు. రెండవ అంశము."

ఆ ఎగురు నాకు తెలుసు. నేను దానితో కాపురం చేస్తున్నాను. పక్కన కూర్చున్న గుమాస్తా నోట్సులోకి తొంగిచూశాను: "డైరెక్టరు గారు తల పంకించి, దీర్ఘశ్వాస తీసుకుని, ఆమోదం తెలిపిరి." మూడో అంశమూ అంతే. నాలుగు, ఐదు, ఆరు, అన్నీ అంతే. ఆగడం, పెన్నులు, ఎగురు, ఆమోదం. మండలిలో ఏ ఫైలైనా ఆమోదం పొందేది ఈ పెద్దమనిషి ఊపిరి ఆగినచోటే.

"ఏడవ అంశము. శ్రీ త్రిమూర్తులుకు యంత్రమును ఇంటికి అనుమతించుట."

గురక ఆగింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పది. ఎదురుగా మా ఆయన ఊపిరి బిగబట్టారు. ఇరవై. ఇంకాసేపు ఊరుకుంటే చాలు, తల ఎగురుతుంది, మిషను మా ఇంటికొస్తుంది. ముప్పై. డైరెక్టరు గారి పెదాలు నల్లబడుతున్నాయి. ముప్పై ఐదు. పాపం, ఈయన ఇంట్లో లెక్కపెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో! నలభై అనుకునేసరికి నేను కుర్చీలో లేను. ఆయన భుజం పట్టుకుని కుదిపేస్తున్నాను.

"సార్! సార్! లేవండి, ఊపిరి తీసుకోండి!"

ఆయన లేచారు. తల ఎగరలేదు. పెన్నులన్నీ గాల్లో ఆగిపోయాయి.

"అయ్యో, ఎంత పని చేసితివమ్మా!" భీమశంకరం గారు గడియారం చూపిస్తూ ఏడుపు గొంతుతో అన్నారు. "సార్ సాధారణంగా నలభై నాలుగుకు పంకిస్తారు. ఇంకో నాలుగు సెకన్లు ఆగి ఉంటే మీ ఫైలు అయిపోయి ఉండేది!"

"ఏమిటమ్మా ఇది? నేను ఆలోచిస్తున్నాను" అన్నారు డైరెక్టరు గారు కళ్ళు నులుముకుంటూ.

"ఆలోచన మధ్యలో నలభై సెకన్లు ఊపిరి ఆగింది సార్" అన్నాను. "మావారికీ ఇంతే. మావారికి గంటకు నలభై రెండు. మీకు రెండు గంటల్లో డెబ్బై ఆరు, అంటే గంటకు ముప్పై ఎనిమిది. మీ సమావేశాల నివేదికే మీ నిద్ర పరీక్ష సార్. పట్టుకెళ్ళి నఫీసాగారికి చూపించండి."

ఏడో అంశం వాయిదా పడింది. బస్సులో నేను తలొంచుకుని కూర్చున్నాను. మా ఆయన నా చేతిలో చేయి పెట్టి, "నువ్వు నలభై నాలుగు దాకా ఆగి ఉంటే నాకు నీ పక్కన పడుకోవడానికి భయం వేసేది, కుసుమా" అన్నారు. ఉప్పు పెసరట్టు తిన్న మనిషి కదా.

డైరెక్టరు గారు నిజంగానే వెళ్ళారు. పరీక్ష చేయించుకున్నారు, సొంత మిషను తెచ్చుకుని ఇంట్లో రోజూ పెట్టుకోవడం మొదలుపెట్టారు. మండలికి కష్టాలు మొదలయ్యాయి. నిద్ర తీరిన డైరెక్టరు గారు ఫైళ్ళు చదవసాగారు. చదివి, ప్రశ్నలు అడగసాగారు. నెల తిరక్కుండా భీమశంకరం గారి జుట్టు సగం నెరిసింది. "అమ్మా, మండలి వేగము రెండు గంటలకు ఒక అంశమునకు పడిపోయినది" అని నాకే చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఈలోగా మా ఆయన పగలు బల్లల మీద ముక్కలుగా నిద్రపోతూ, రాత్రి ఇంట్లో ఊపిరి ఆపుతూనే ఉన్నారు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

కిందటి నెల వాయిదా పడిన ఏడో అంశం నిన్నటి సమావేశంలో మొదటే వచ్చింది. డైరెక్టరు గారు కళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. చాలామందికి అదే భయంగా ఉంది.

"ఆవరణ దాటరాదా? ఎవరు పెట్టారయ్యా ఇంత తెలివితక్కువ రూలు?"

"తమరే సార్. పదకొండవ అంశము. తల పంకించి, దీర్ఘశ్వాస తీసుకుని..."

"రద్దు చేసెయ్యండి."

భీమశంకరం గారు పాత రిజిస్టరు ముందుకు తోశారు. "రద్దు చేయవలెనంటే ఆ పంకింపు ఆమోదము కాదు, వ్యాధి లక్షణము అని రాయవలెను సార్. రాసినచో పదకొండేళ్ళుగా అదే విధముగా ఆమోదము పొందినవన్నీ చెల్లవు. అందు ఇచ్చట కూర్చున్న అందరి పదోన్నతులూ ఉన్నవి." ఆయన గొంతు తగ్గించారు. "తమరి పదవీకాలం పొడిగింపు సిఫారసు కూడా, సార్."

గదిలో ఎవరికీ ఊపిరి ఆడలేదు. ఈసారి అందరికీ ఒకేసారి ఆప్నియా వచ్చినట్టుంది.

టీ గ్లాసులు సర్దుతున్న పోలయ్య తనలో తాను అనుకున్నట్టు అన్నాడు: "మిసను ఆవరణ దాటకూడదు గాని, ఆవరణ దాటొచ్చు గదండి."

"అంటే?" అన్నారు డైరెక్టరు గారు.

"ఆవరణే త్రిమూర్తులుబాబు ఇంటికి ఎల్లిపోతే సరండి. అప్పుడు మిసను ఎక్కడికీ ఎల్లనట్టే గదండి."

నిబంధనల పుస్తకం తెప్పించారు. ఆవరణ అనగా మండలి పేరుపలక తగిలించిన స్థలము. అంతే ఉంది. మండలి చరిత్రలో మెలకువగా ఆమోదించిన మొట్టమొదటి ఉత్తర్వు పది నిమిషాల్లో తయారైంది. సూరమ్మగారి మేడ మీద మేము అద్దెకుంటున్న వాటాలో వెనక గదిని మండలి "రాత్రి నిద్రా ఉపకార్యాలయము"గా ప్రకటించడమైనది. నన్ను గౌరవ పర్యవేక్షకురాలిగా నియమించడమైనది. డాక్టరుగారు సరేననేదాకా మా ఆయన నిచ్చెనను కింద నిలబడి పరీక్షిస్తారు, పోలయ్య ఎక్కి "బాగుందండి" అంటాడు. అరగంట తనిఖీ అన్న వాక్యం రాగానే డైరెక్టరు గారు తన పెన్నుతో కొట్టేసి, పక్కన రాశారు: నిద్రపోయేవాణ్ణి లేపి నిద్రపోతున్నావా అని అడిగినవారికి మెమో ఇవ్వబడును.

పోలయ్య వైపు తిరిగి, "అదిగో, నీ ప్రశ్నకు జవాబు వచ్చింది" అన్నాను. సిగ్గుపడ్డాడు.

అయితే ఉపకార్యాలయమన్నాక ప్రారంభోత్సవం లేకుండా తెరవకూడదట. ఈ సాయంత్రం పోలయ్య వచ్చి మా పడకగది తలుపు కొలతలు తీసుకున్నాడు, రిబ్బను కోసం. భీమశంకరం గారు దుప్పటి రంగు పరిశీలించి, గులాబీ రంగు మండలి గౌరవానికి తగునా అని కాసేపు మథనపడి, తగునని రాసుకున్నారు. సూరమ్మగారు మెట్ల మీద నిలబడి, "బోర్డు కాస్త పెద్దది ఏయించమ్మా, ఈదిలోకి కనపడాల. ఎదురింటి రత్తమ్మ మొన్న మావాడు వీఆర్వో అని ఒకటే మిడిసిపాటు" అన్నారు.

కార్యక్రమం అచ్చయింది. రేపు ఉదయం పదిన్నరకు డైరెక్టరు చక్రధరరావు గారు రిబ్బను కత్తిరిస్తారు. డాక్టరు నఫీసాగారు స్లీప్ ఆప్నియా గురించి, సీపాప్ వాడకం గురించి పది నిమిషాలు మాట్లాడతారు. గురక పెట్టేవారు కుటుంబసభ్యులతో సహా రావాలని కింద పెద్దక్షరాల్లో వేశారు. పదకొండుకు భీమశంకరం గారు మిషనును ఆవరణలోంచి ఆవరణలోకి ఊరేగింపుగా తెస్తారు. పదకొండుంపావుకు మా ఆయన మంచం మీద పడుకుని, మాస్కు పెట్టుకుని, సభికుల సమక్షంలో నిద్రపోయి చూపిస్తారు. ఆ తరవాత అల్పాహారం. పెసరట్లు నేనే వేస్తాను. ఉప్పు సూరమ్మగారు వేస్తారు.

అచ్చు వేయని అంశం ఒక్కటే ఉంది. రేపు రాత్రి తొమ్మిదికి, అందరూ వెళ్ళిపోయాక, గౌరవ పర్యవేక్షకురాలు తలుపు గడియ వేసి, మిషను "ఉస్స్" అనడం విని, ఒకటి దాకా కూడా లెక్కపెట్టకుండా, నిద్రపోతుంది.